వంతెన కాపలావాడి అరుపు

ఆఫీసులో ఆమెని అందరూ ఆటలక్క అంటారు. వయసు నలభై ఆరు. వారపత్రికలో చివరి పేజీ ఆమెది. ఇంకా బయటికి రాని వీడియో గేముల్ని ముందే ఆడి చూసి, ఎలా ఉన్నాయో రాయడం ఉద్యోగం. "ఈ వయసులో ఈ బొమ్మలాటలేంటమ్మా" అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. ఆ అన్నవాళ్లే పక్కకి పిలిచి, మావాడికి ఏ ఆట కొనమంటావని మెల్లిగా అడుగుతారు. మనుషులంతే లెండి.

ఆమె తమ్ముడు డబ్బింగ్ ఆర్టిస్టు. ఇంట్లో ముద్దుపేరు చిలక. దెయ్యం గొంతు, కుక్క గొంతు, పసిపిల్ల ఏడుపు, ఏదడిగితే అది క్షణంలో దింపేవాడు. ఇంటికి ఫోన్ చేసినా బ్యాంకు మేనేజరులాగో పోలీసులాగో మాట్లాడి వాళ్లమ్మని హడలగొట్టేవాడు. "నీ సొంత గొంతు ఎక్కడ పారేసుకున్నావురా వెధవా!" అని ఆవిడ తిట్టిపోసేది. పోయినేడాది, ముప్పై తొమ్మిదేళ్లకే, స్టూడియో మెట్ల మీద గుండె ఆగి పోయాడు. తర్వాత వెతికితే వందల రికార్డింగులు దొరికాయి. అన్నిట్లో ఎవరెవరో ఉన్నారు, వాడు మాత్రం లేడు. ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?

ఉన్నదల్లా ఒక్క ఆశ. పోవడానికి నెల ముందు వాడొచ్చి చెప్పాడు: "అక్కా, పెద్ద ఆన్‌లైన్ ఆటలో పాత్ర వచ్చింది. మాయలూ మంత్రాలూ ఉండే లోకం, అందులో నేను వంతెన కాపలావాణ్ణి. వేషాలేం వద్దు, ఇంట్లో మాట్లాడినట్టే మాట్లాడమన్నారు. మామూలుగా మాట్లాడటం ఎంత కష్టమో తెలుసా, చచ్చిపోతున్నాననుకో!"

ఆ ఆటకే ఇప్పుడు పిలుపొచ్చింది. విడుదలకి ఇంకా ఆరు నెలలుంది, పత్రికల వాళ్లకి మాత్రం రెండు గంటలు ఆడుకోనిస్తారు. ఆమె ఉండబట్టలేక అమ్మకి చెప్పేసింది. ఇక ఆవిడకి కాలు నిలవలేదు. "వాడేమంటున్నాడో ఒక్క ముక్క పోకుండా విని రావే" అని వీధి చివరిదాకా వెంటొచ్చి మరీ చెప్పింది.

హాల్లో పన్నెండు కంప్యూటర్లు. ఫోన్లు గుమ్మం దగ్గరే తీసేసుకున్నారు. ఆట మొదలైంది. నిజం చెప్పాలంటే చాలా బాగుంది. కొండలు గాల్లో తేలుతున్నాయి, గడ్డిలో నడిస్తే వెనకాల దారి పడుతోంది, వాన మొదలైతే ఇనప టోపీ మీద చినుకులు టపటపమంటున్నాయి. ఇంకో రోజైతే ఆ వాన గురించే అరపేజీ రాసేది. మిగతా పదకొండుమందీ జట్టు కట్టి డ్రాగన్ వెంట పడ్డారు. ఆమె దేన్నీ చూడకుండా తిన్నగా వంతెన దగ్గరికెళ్లింది.

కాపలావాడు బల్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆమె మాట్లాడే మీట నొక్కింది. పెదాలు కదిలాయి, మాట రాలేదు. మళ్లీ నొక్కింది. ఊహూఁ.

చెయ్యెత్తితే, ఆ ఆటకి శబ్దాలు చేసే పెద్దాయన వచ్చాడు. "మాటలింకా పెట్టలేదండీ. చెప్పేవాడు సగంలో పోయాడు. వేరే అతనితో మొదట్నుంచీ చెప్పిస్తున్నాం. పాత గొంతులో మిగిలినవి దెబ్బ తగిలినప్పటి అరుపులే. అవీ వచ్చే వారం తీసేస్తాం. ఓసారి కొట్టి చూడండి, ఎంత బాగా అరిచాడో పాపం."

"వాడు మా తమ్ముడండీ," అందామె.

ఆయన కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. వాడి గొంతున్న ముక్క ఏదైనా ఇస్తారా అని ఆమె అడిగింది. "నా చేతుల్లో ఉంటే ఇప్పుడే ఇద్దునమ్మా. కంపెనీ ఒప్పుకోదు, ఇలాంటివి ఇదివరకు అడిగి చూసినవాణ్ణే చెబుతున్నా," అని తలొంచుకుని వెళ్లిపోయాడు.

ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని వేలమంది కాపలావాళ్లని నరికిందో లెక్కే లేదు. ఇప్పుడు కత్తి ఎత్తింది గానీ వేలు మీట మీదే ఉండిపోయింది. దించింది. చుట్టూ తిరిగింది. మళ్లీ ఎత్తింది. అలా గంట గడిచిపోయింది. చివరికి కళ్లు మూసుకుని నొక్కేసింది.

"అబ్బా!"

వాడే. మంచం కోడు మోకాలికి తగిలినప్పుడు అరిచే అరుపే. వేషం లేదు, ఏమీ లేదు. ఆమె కళ్లు తెరిచేసరికి కాపలావాడు ఒక మోకాలి మీద కూలి, ఇక కొట్టొద్దన్నట్టు చెయ్యి అడ్డం పెట్టి చూస్తున్నాడు. ఆమె మీటల మీంచి చేతులు తీసేసింది. ఏడుపు ఆగలేదు. తెరలు ఆరిపోయేదాకా అలాగే కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి అమ్మ గుమ్మంలోనే ఉంది. "ఏమన్నాడే?"

దారి పొడుగునా అల్లుకున్నది అప్పజెప్పింది. "బాటసారీ, వంతెన మీద జాగ్రత్తగా వెళ్లు, అన్నాడమ్మా."

"వాడా? జాగ్రత్తగా వెళ్లమని వాడు జన్మలో ఎవరికీ చెప్పలేదు. నా దగ్గర కథలు చెప్పకు."

ఇక దాచలేకపోయింది. మాటలు లేకపోవడం, కొడితేనే అరవడం, వచ్చే వారం అదీ తీసేయడం, అన్నీ చెప్పేసింది. అమ్మ గోడ పట్టుకుని మెల్లిగా కూర్చుంది.

"ఎన్నిసార్లు కొట్టావు?"

"ఒక్కసారేనమ్మా. తర్వాత చెయ్యాడలేదు."

"అప్పటికింకా ఎంత టైముంది?"

"ముప్పావుగంట."

"ముప్పావుగంటా!" అమ్మ కూతురి మొహంలోకి చూసింది. కోపంగా కూడా లేదు ఆ చూపు. "ఎందుకాపేశావే? నేనైతే కొట్టేదాన్ని. వాళ్లొచ్చి నన్ను లేపేదాకా కొడుతూనే ఉండేదాన్ని."