బొట్టు పెట్టి అమ్మిన గొలుసు

షాపుకి వచ్చిన ఆడవాళ్లకి ఇంటావిడ చేత బొట్టు పెట్టించి, చేతిలో జాకెట్టు ముక్క పెట్టించే హోల్‌సేల్ వ్యాపారిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అమ్మేవాడు సరుకు చూపించాలి, ధర చెప్పాలి, రసీదు ఇవ్వాలి. పసుపు కుంకుమలతో వాడికేం పని? ఈ మాట అంటే మా ఇంట్లోవాళ్లు, "నీకు మర్యాద చేసినా తప్పే, చెయ్యకపోయినా తప్పే" అని నవ్వుతారు. నవ్వుకోనివ్వండి. ఆ మర్యాదకి ఖరీదు చెల్లించింది నేను కాదు, ఇంకొకామె. అందుకే నా మంట చల్లారదు.

తొంభైల చివర్లో అవనిగడ్డ బస్టాండు దగ్గర నాకో చిన్న ఫ్యాన్సీ షాపు ఉండేది. గాజులు, రిబ్బన్లు, పిన్నీసులు, పౌడరు డబ్బాలు అన్నీ పెట్టినా షాపు నడిచింది మాత్రం రోల్డ్ గోల్డ్ మీదే. గిల్టు నగలంటే డబ్బు లేనివాళ్ల సరదా అనుకుంటారు బయటివాళ్లు. మా దివిసీమలో సంగతి వేరు. సార్వా నాట్లు మొదలవ్వగానే పెట్టుబడి కోసం ఇంట్లో ఆడవాళ్ల బంగారం బ్యాంకుకి వెళ్తుంది. ధాన్యం అమ్మాక గానీ తిరిగి మెడలోకి రాదు. సరిగ్గా ఈ మధ్యలోనే శ్రావణమాసం పెళ్లిళ్లు వచ్చిపడతాయి. బోసి మెడతో పెళ్లికి వెళ్తే బంధువులు ఏమీ అడగరు, అన్నీ అనుకుంటారు. అందుకని బ్యాంకుకి వెళ్లేముందే నా దగ్గరికి వచ్చి, మెడలోది చూపించి, "అచ్చం ఇలాంటిదే కావాలక్కా" అనేవాళ్లు. సరుకు మంచిదైతే ఆ సంగతి మూడో మనిషికి తెలిసేది కాదు.

అంటే నాకు సరుకిచ్చేవాడు ఎలాంటివాడన్న దాని మీద ఎన్నో ఇళ్ల పరువు ఆధారపడి ఉంది. బందరులో గిల్టు నగల వ్యాపారులకి కొదవా? నేను ఎంచుకున్నాయన వాళ్లందరిలోకీ మర్యాదస్తుడని పేరు. తెల్లపంచె, మెత్తటి గొంతు, నోరు తెరిస్తే చెల్లెమ్మా అనే పిలుపు. షాపు ఇంటి ముందు గదిలోనే. వెళ్లి కూర్చోగానే కాఫీ వచ్చేది. కాఫీ తాగాక వాళ్లావిడ పళ్లెం పట్టుకుని వచ్చి, బొట్టు పెట్టి, ఆకు వక్కా జాకెట్టు ముక్కా చేతిలో పెట్టేది. ఆవిడని నేను వదినగారూ అని పిలిచేదాన్ని. చల్లపల్లి నుంచీ పామర్రు నుంచీ వచ్చే నాలాంటి షాపులవాళ్లందరికీ అదే మర్యాద. పెట్టెలు తెరవడం ఆ తర్వాతే.

కిటుకంతా అక్కడే ఉంది. గిల్టు గొలుసు కొనేటప్పుడు కొక్కెం పక్కన, పైకి కనపడని చోట, రాతి మీద కాస్త గీకి చూడాలి. పూత పల్చనైతే వెంటనే రాగి బయటపడుతుంది. ఇది ఈ వ్యాపారంలో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు. కానీ నుదుటి మీద పెట్టిన కుంకుమ ఇంకా ఆరనే లేదు, "అన్నయ్యగారూ, మీ సరుకు గీకి చూస్తానండీ" అని ఏ ఆడది అంటుంది చెప్పండి? పుట్టింటివాళ్లు పెట్టిన చీరని బజారుకి తీసుకెళ్లి ధర కట్టించినట్టు ఉండదూ? ఒకసారి నేను గీకబోతే పక్కనున్న చల్లపల్లి ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "బావుండదండీ, ఏమన్నా అనుకుంటారు" అంది. నిజమే కదా అనుకుని రాయి సంచిలో పడేశాను.

మాలో ఒక్కావిడ మాత్రం గీకి చూసేది. ముదినేపల్లి నుంచి వచ్చేది, భర్త పోయినావిడ. భర్త పోయింది కాబట్టి ఆవిడ దగ్గరికి పళ్లెం వచ్చేది కాదు. ఆ పెద్దమనిషి మర్యాద ఆవిడ దాకా వచ్చి ఆగిపోయేదన్నమాట! ఆవిడ మూల కుర్చీలో కూర్చుని, రాయి తీసి, ప్రతి గొలుసూ గీకి, నచ్చనివి పక్కకి నెట్టేసేది. ఆయన లోపలికెళ్లి ఆవిడ కోసం వేరే పెట్టె తెచ్చేవాడు. మేమందరం ఆవిడని చూసి, మరీ ఇంత అనుమానమా అని మొహాలు చిట్లించేవాళ్లం. ఆ వేరే పెట్టె ఎందుకొచ్చిందని ఒక్కరం ఆలోచిస్తే ఒట్టు.

పైగా నల్లబడ్డ గొలుసులు తిరిగి పట్టుకెళ్తే ఆయన మొహం చిట్లించేవాడు కాదు. "అయ్యో, దాందేముంది చెల్లెమ్మా, మార్చి ఇస్తాను. మాటంటే మాటే" అని వాటిని లోపలికి పంపి కొత్త కవర్లలో ఉన్నవి ఇచ్చేవాడు. అబ్బో, ఎంత మంచిమనిషో అని నేను ఊరంతా చెప్పాను. ఆ మాటలు గుర్తొస్తే నోరు పుక్కిలించుకోవాలనిపిస్తుంది.

ఒక ఏడు శ్రావణంలో నాగాయలంక వైపు పల్లె నుంచి ఒకమ్మాయి వచ్చింది. ఏటా గాజులు నా దగ్గరే వేయించుకునేది. మొగుడిది కౌలు సేద్యం. మెడలో రెండు పేటల గొలుసు, పుట్టింటివాళ్లు పెట్టింది. అది మర్నాడు బ్యాంకుకి వెళ్తోంది. ఆ తర్వాత వారమే గుడివాడలో వాళ్ల అన్న కూతురి పెళ్లి.

"మూడు రోజులు పెళ్లింట్లో తిరగాలక్కా. మా వదిన కళ్లు మామూలు కళ్లు కావు. మా ఆయనకేమో పౌరుషం, ఎవరన్నా ఒక్క మాటంటే మళ్లీ ఆ గుమ్మం తొక్కడు. తెలిసిపోదు కదా?" అంది.

అచ్చం అలాంటి గొలుసే బందరు నుంచి తెప్పించి ఇచ్చాను. "నిక్షేపంలా వేసుకెళ్లు. నాదీ పూచీ" అన్నాను.

పెళ్లి అయ్యాక వచ్చింది. గొలుసు మెడలో లేదు, రుమాల్లో ఉంది. మెడ చుట్టూ చిలుములాంటి పచ్చటి చార ఇంకా పోలేదు. రుద్ది రుద్ది కడిగినట్టుంది, చర్మం కూడా కందిపోయింది. స్టూలు మీద కూర్చుంది. నేను సోడా తెప్పించి ఇచ్చాక అప్పుడు చెప్పింది.

"తలంబ్రాలప్పుడు ఉక్కకి చెమటలు కారిపోతున్నాయక్కా. మా వదిన వెనక నుంచి వచ్చి తన కొంగుతో నా మెడ తుడిచింది. 'ఏంటే ఇది, మెడంతా పచ్చగా?' అని ఆ కొంగు పట్టుకుని అందరికీ చూపించింది. 'మీ ఆయన నీ గొలుసు కూడా అమ్ముకు తిన్నాడా?' అంది. ఆయన పక్కనే ఉన్నాడు, విన్నాడు. అన్నం కూడా తినకుండా బస్టాండుకి వెళ్లిపోయాడు. లేదు వదినా, బ్యాంకులో ఉంది అని నేనెంత చెప్పినా ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకుని నవ్వారు."

నన్ను ఒక్క మాట అనలేదు. "నువ్వు మోసం చేసేదానివి కాదని తెలుసక్కా" అంది పైగా. తిట్టినా బావుండేది.

మర్నాడు మొదటి బస్సుకే బందరు వెళ్లాను. ముందు గది తలుపులు ఇంకా తియ్యలేదు. ఆగే ఓపిక లేక పక్క సందులోంచి పెరట్లోకి నడిచాను. అంతకుముందు ఎప్పుడూ అటు వెళ్లలేదు. యాసిడ్ కంపుకి కళ్లు మండాయి. గోనెపట్టా మీద గుట్టగా పోసి ఉన్నాయి, నల్లబడ్డవి, పచ్చబడ్డవి, మెడ మురికి పట్టినవి, మేమందరం ఇన్నాళ్లూ తిరిగి ఇచ్చిన గొలుసులు. పనివాళ్లు వాటిని తొట్టిలో ముంచి, తీగ బ్రష్షుతో తోమి, మరో గిన్నెలోని పూత నీళ్లలో ఒక్క ముంచు ముంచి తీసి ఆరేస్తున్నారు. పక్కనే కొత్త ప్లాస్టిక్ కవర్ల కట్ట. గుట్టలో ఒక గొలుసుకి నేను గుర్తుగా కట్టి తిరిగి పంపిన ఎర్రదారం ఇంకా వేలాడుతూ ఉంది. ఛీ! ఎవరెవరి మెడల్లోనో కుళ్లి వచ్చినవాటిని కడిగి మళ్లీ మా చేతుల్లోనే పెడుతున్నాడు. ఆ అమ్మాయి పెళ్లికి వేసుకెళ్లింది ఇలాంటిదే.

అప్పుడే ఆయన పళ్లు తోముకుంటూ వచ్చాడు. "ఇటెందుకొచ్చావు చెల్లెమ్మా? పద పద, ముందు గదిలో కూర్చో" అన్నాడు ఏమీ జరగనట్టే.

ముందు గదిలో బల్ల మీద రుమాలు విప్పి, జరిగింది చెప్పాను. ఈలోపు చల్లపల్లి ఆవిడా, ముదినేపల్లి ఆవిడా, ఇంకొందరూ వచ్చి కూర్చున్నారు. ఆయన గొలుసు వైపు చూడను కూడా చూడలేదు.

"ఆవిడ ఒంటికి పడలేదమ్మా. కొందరి ఒళ్లు అంతే. అయినా మీ దివిసీమలో నీళ్లే ఉప్పు, పైగా ఎండుచేపలు తినే ఒళ్లు. ఆ చెమటకి ఏ పూత మాత్రం ఆగుతుంది?" అన్నాడు.

ఏం మనిషండీ! తన దొంగ సరుకుకి ఆడదాని ఒంటిని తప్పుపడుతున్నాడు. గొలుసు మళ్లీ రుమాల్లో చుట్టాను. అది చూసి నేను మెత్తబడ్డాననుకున్నాడేమో, లోపలికి కేకేశాడు. "ఏమే, చెల్లెమ్మ వచ్చింది, పళ్లెం పట్రా."

వదినగారు వచ్చింది. కుంకుమ వేలికి తీసుకుని నా నుదుటి వైపు చెయ్యి చాపింది. ముత్తైదువ బొట్టు పెడుతుంటే, అదీ శ్రావణమాసంలో, వద్దన్న ఆడదాన్ని నేను అప్పటిదాకా చూడలేదు.

"వద్దండీ" అన్నాను.

ఆవిడ చెయ్యి అలాగే ఆగిపోయింది. "శుభమా అని బొట్టు పెడుతుంటే వద్దంటావా?" అని ఆయన గొంతు మొదటిసారి లేచింది.

"మీ ఇంటి బొట్టు నాకొద్దు. ఇన్నాళ్లూ మీరు పెట్టిందానికి నేను నోరు మూసుకున్నది చాలు. పెరట్లో ఏం తోముతున్నారో వీళ్లకీ చూపించండి. ఆ తర్వాత అందరం రాళ్లు తీసి గీకుదాం" అన్నాను.

ఒక్కరన్నా లేస్తారనుకున్నాను. నా పిచ్చి! చల్లపల్లి ఆవిడ, "ఎంత కోపమున్నా బొట్టు వద్దనకూడదండీ, పాపం ఆవిడేం చేసింది" అంది. మిగతావాళ్లు నన్ను చూసిన చూపు నేను మర్చిపోలేదు. దొంగతనం చేసింది నేనైనట్టు చూశారు. నేను మెట్లు దిగుతుండగానే వెనక కాఫీ గ్లాసుల చప్పుడు వినపడింది.

ముదినేపల్లి ఆవిడ ఒక్కర్తే బస్టాండు దాకా నా వెంట వచ్చింది. "గుడివాడలో ఒకాయన ఉన్నాడు. మాట కరుకు. కాఫీ కాదు కదా కుర్చీ కూడా వెయ్యడు. వెళ్లి చూడండి" అంది.

వెళ్లాను. ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నిలబెట్టే మాట్లాడాడు. గొలుసు నా ముందు పడేసి, "రాయి తెచ్చుకున్నారా? లేకపోతే ఇదిగో" అని తన రాయే తోశాడు. గీకి చూశాను. రాగి కనపడలేదు. ఎన్నాళ్లు ఆగుతుందని అడిగితే, "పెళ్లిళ్లకీ పేరంటాలకీ వేసుకుని, తుడిచి దాచుకుంటే ఆగుతుంది. పొలానికీ స్నానానికీ వేసుకుంటే పోతుంది. ఆ మాట చెప్పి అమ్మండి. చెప్పకుండా అమ్మేసి, పోయిందని నా దగ్గరికి రావద్దు" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ అన్నేళ్లలో సరుకు ఎప్పుడు పాడవుతుందో చెప్పి అమ్మిన వ్యాపారిని నేను చూడటం అదే మొదలు. షాపు మూసేదాకా ఆయన దగ్గరే కొన్నాను. ఆ గుడివాడాయన నన్ను ఒక్కనాడు కూర్చోమనలేదు.

బందరాయన వ్యాపారం ఏమీ దెబ్బతినలేదు. ఆ ముందు గది ఎప్పటిలాగే ఆడవాళ్లతో నిండి ఉంటుందని చెప్పేవాళ్లు. వింటే అసహ్యం వేసేది, ఆయన మీద కంటే అలా కూర్చున్నవాళ్ల మీద.

నూర్పిళ్లయ్యాక నాగాయలంక అమ్మాయి మళ్లీ వచ్చింది. ఆ ఏడు పంట బాగా పండింది. బ్యాంకు నుంచి విడిపించుకుని నేరుగా నా షాపుకే వచ్చింది. మెడలో రెండు పేటల గొలుసు ధగధగా మెరుస్తోంది. నాకు చూపించాలనే వచ్చిందని తెలుస్తూనే ఉంది. నాకూ ప్రాణం లేచొచ్చింది.

అదే సమయానికి షాపులో వాళ్ల ఊరి పెద్దావిడ ఒకామె గాజులు చూస్తోంది. ఆ గొలుసు మీద కన్ను పడగానే దగ్గరికొచ్చి, చేతిలోకి తీసుకుని, బొటనవేలితో గట్టిగా రుద్దింది. వేలు చూసుకుంది. మళ్లీ రుద్దింది.

"ఇది కొత్తగా కొన్నావా అమ్మాయ్? పెళ్లిలో పచ్చబడిందానికంటే ఇది చాలా నయం, రంగు అంటట్లేదు" అని నా వైపు తిరిగి, "నాకూ ఇలాంటిదే తెప్పించండి" అంది.

అది బంగారమని చెప్పడానికి నేను నోరు తెరిచాను. ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"అవును పిన్నిగారూ, అక్కే తెప్పించింది" అంది నవ్వుతూ.

ఆవిడ వెళ్లిపోయాక నేను మండిపడ్డాను. "నీకేం పొయ్యేకాలమే? నీ బంగారం నీ మెడలో పెట్టుకుని గిల్టని ఎందుకు ఒప్పుకున్నావు?"

గొలుసు తీసి పర్సులో పెట్టుకుంటూ అంది. "కాదంటే నవ్వుతారక్కా. ఇంట్లో మా అత్తగారే రుద్ది చూసింది. నా మెడలో ఏది వేసుకున్నా ఇంక గిల్టే."