సగం నాది

ముప్పై రెండేళ్ళ నాలుగు నెలలపాటు ఒక అబద్ధాన్ని మోశాను. దాని బరువు తూచలేను. కాలం మాత్రం కచ్చితం. నా పేరు చెప్పను. విజయవాడ వన్ టౌన్‌లో చేనేత చీరల టోకు వ్యాపారిని, తేదీ లేని మాటను నమ్మనివాణ్ణి. నా గురించి ఇంతవరకు తెలిస్తే చాలు.

మా అమ్మాయి పుట్టినప్పుడు రక్తం పరీక్షించి ఓ నెగటివ్ అన్నారు. నాది ఓ పాజిటివ్. నా భార్యదీ అదే. మరి ఇద్దరిలో లేనిది బిడ్డకెలా వచ్చింది? మా వ్యాపారంలో చీరలో లోపం కనిపిస్తే నూలు పంపినవారిదే తప్పంటాం. ఆ అలవాటు చొప్పున, ఇది పెడనలోని మా అత్తవారి వైపు నుంచి వచ్చిన లోపమని తీర్పు చెప్పేశాను. అసలది లోపమేనా? ఆ ప్రశ్న నాకు అప్పుడెందుకు తోచలేదు?

మా మామగారు మాట పడే మనిషి కారు. మగ్గాలు ఆపించి, ఇంటిల్లిపాదినీ, మొత్తం పదకొండు మందిని, బస్సెక్కించి తెచ్చి పరీక్ష చేయించారు. అందరూ పాజిటివే. ఆ కాగితాలను నేను వయసుల వారీగా సర్ది, రెండుసార్లు లెక్కపెట్టి, ఎవరో ఒకరు మిగిలిపోయి ఉంటారన్నాను. ఆయన పాపం ఆలోచనలో పడ్డారు.

మర్నాడు నా తీర్పుకు ముద్ర వేయించుకుందామని ఆ కాగితాలతో డాక్టరుగారి దగ్గరకు వెళ్ళాను.

"తల్లీ తండ్రీ చెరొక నెగటివ్ జన్యువు ఇస్తేనే బిడ్డకు నెగటివ్ వస్తుందండీ. మీలోనూ అది దాగుంది," అన్నారాయన.

"నా రిపోర్టులో పాజిటివ్ అని స్పష్టంగా ఉందండీ."

"మీ ఆవిడ రిపోర్టులోనూ ఉంది కదండీ?"

"అయితే ఇందులో నా వంతు ఎంత?"

"సరిగ్గా సగం. బేరమాడకండి, ఇది చీరల కొట్టు కాదు!"

ఆ రోజు డైరీలో తేదీ వేశాను, విషయం రాయలేదు. మరచిపోయానా? రోజూ వర్షపాతం సైతం రాసుకునే మనిషి ఒక పేజీ ఖాళీగా వదిలాడంటే, తెలిసే వదిలాడు. మామగారు పోయేదాకా తన ముత్తాతల్లో ఆ దోషి ఎవరా అని వెతుకుతూనే ఉన్నారు.

పోయిన నెల మా అమ్మాయి కడుపుతో పుట్టింటికి వచ్చింది. నెగటివ్ కాబట్టి ఇంజెక్షన్ వేయాలన్నారట. "ఇది ఎవరి నుంచి వచ్చిందమ్మా నాకు?" అని వాళ్ళమ్మను అడిగింది.

"మా వాళ్ళ నుంచేనే తల్లీ," అంది నా భార్య, దొంగతనం ఒప్పుకుంటున్నట్టు తల దించుకుని.

ఆ తల చూసి ఉండలేకపోయాను. సగం నాదని చెప్పాను. ఎప్పుడు తెలిసిందని మాత్రమే అడిగింది నా భార్య. తేదీ చెప్పాను, వారం కూడా చెప్పాను. ఆమె పెడనకు ఫోను కలిపి, స్పీకరు పెట్టి, నా చేతికిచ్చింది. మా బావమరిది, అతని కుటుంబం అంతా విన్నారు. ఫరవాలేదని ఒక్కరూ అనలేదు. ఇంట్లో వేళకు కాఫీ అందుతోంది. మాట అందడం లేదు.

అయినా, ఇన్నేళ్ళూ ఎవరైనా రక్తం ప్రస్తావన తెస్తే లేచి పక్కగదిలోకి పోయేవాణ్ణి. ఇప్పుడు కూర్చునే ఉంటున్నాను.