అభిజిత మా పాప కావాల్సింది

నిన్న మా అమ్మాయి నన్ను నడింట్లో నిలబెట్టి కడిగేసిందండీ! ఎనిమిదేళ్ల పిల్ల! తప్పంతా నా నోటిదే. ఆ మంట ఇంకా చల్లారలేదు.

నాచారంలో మా పక్క పోర్షన్‌లో యాదగిరి వాళ్లుంటారు. ఫ్యాక్టరీలో ఫిట్టర్. మా అమ్మాయి పుట్టకముందు మాట, వాళ్లావిడ సుజాతకి నెలలు నిండాయి. మా ఆవిడ పద్మకి ఆరో నెల. నేను అప్పటికే పేరు వెతికి పెట్టుకున్నాను. ఆడపిల్లయితే అభిజిత! స్వాతులూ రేవతులూ వీధికి నలుగురున్నారు. ఈ పేరు ఉప్పల్ నుంచి మేడిపల్లి దాకా గాలించినా దొరకదు.

"పుట్టేదాకా ఎవరికీ చెప్పకండి, దిష్టి తగుల్తుంది" అంది పద్మ.

చెప్పకుండా ఉండగలిగితే ఇంకేం! ఓ సాయంత్రం కరెంటు పోయింది. అందరం డాబా ఎక్కాం. ఉత్తరం వైపు ఓ చుక్క మెరుస్తోంది. ఇక నా నోరు ఊరుకుంటుందా?

"పంచాంగంలో నక్షత్రాలు ఇరవై ఏడే కదా? ఇరవై ఎనిమిదోది ఒకటుంది, అభిజిత్. పాపం, లెక్కలోంచి తప్పించేశారు. అయినా మధ్యాహ్నం మంచి ముహూర్తానికి దాని పేరే! గెలిచేది అని అర్థం. ఆడపిల్లకి పెడితే అభిజిత!"

ఉపన్యాసం దంచేశాను. నేను చూపించిన చుక్క అదో కాదో దేవుడికే తెలియాలి.

"మస్తున్నది సార్ పేరు!" అన్నాడు యాదగిరి. పొంగిపోయాను. 'మా పాపకి' అన్న మాట మాత్రం, పద్మ గిల్లిందని మింగేశాను. చెప్పాల్సిన ముక్క అదొక్కటే!

సుజాతకి ఆడపిల్ల. తొట్టెల ఫంక్షన్‌కి పిలవడానికొచ్చాడు యాదగిరి.

"మీరు జెప్పిన పేరే పెడ్తున్నం సార్. సుజాతకు అన్నదమ్ముల్లేరు, మీరే మేనమామ లెక్క. పాప చెవుల మీరే పిలవాలె."

ఏమంటాను? ఇస్త్రీ చొక్కా వేసుకుని వెళ్లి, నా కూతురి పేరు వాళ్ల కూతురి చెవిలో నా నోటితోనే మూడుసార్లు చెప్పి, అక్షింతలు కూడా వేసి వచ్చాను. పద్మ పాయసం ముట్టలేదు.

తర్వాత మాకూ ఆడపిల్లే. "మనమూ అదే పెట్టుకుంటే?" అన్నాను.

"గోడకి ఇటో అభిజిత, అటో అభిజితా? మీరిక పేర్ల జోలికి రాకండి" అంది పద్మ. మా అత్తగారు తన అత్తగారి పేరు పెట్టేసింది. వెంకటలక్ష్మి.

రోజూ పొద్దున్నే గోడ అవతల్నుంచి "అభిజితా, లెవ్వే!" అని సుజాత కేక. నాకు మండుకొస్తుంది. వాళ్ల మీద కాదు, నా మీదే.

పిల్లలిద్దరూ ఒకే ఆటోలో బడికి వెళ్తారు. నిన్న దిగీ దిగగానే మాది బ్యాగ్ విసిరేసింది.

"నాన్నా, అభిజితకి స్టార్ పేరు పెట్టింది నువ్వేనంట! యాదగిరి అంకుల్ చెప్పాడు. మరి నాకెందుకు పెట్టలేదు? నాకంటే అదంటేనే ఇష్టమా?"

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. పద్మ కూడా వింటోంది. నోరు తెరిచాను.

ఆ రోజు డాబా మీద పడిపోవాల్సిన నోరు, ఇన్నేళ్లకి నిన్న పడిపోయిందండీ.