మలుపులో తొక్కిన బ్రేకు

మదనపల్లెలో వెంకటముని ఇంటి ముందుగదిని రేష్మ అనే ఆమె అద్దెకు తీసుకుని కంప్యూటర్ సెంటర్ పెట్టింది. పెట్టిన మరుసటి ఏడు, 2004లో, బెంగళూరు నుంచి ఒక స్టీరింగు, కాళ్ల కింద పెట్టుకునే పెడళ్లు తెచ్చి ఒక కంప్యూటర్‌కు బిగించింది. కార్ల పందెం ఆట. పేరుకే ఆట. నిజం బండి తడిరోడ్డు మీద ఎట్లా జారుతుందో అదీ అట్లే జారుతుంది. కాలేజీ కుర్రాళ్లు నాలుగు సార్లు గోడకు గుద్దుకుని విసుగెత్తి లేచిపోయేవాళ్లు. రేష్మ ఒక్కతే, సెంటర్ ఖాళీగా ఉండే మధ్యాహ్నాల్లో, పట్టుబట్టి నేర్చుకునింది.

వెంకటముని అప్పటికి ఎనిమిదేళ్లుగా స్టీరింగు ముట్టలేదు. టమోటా మార్కెట్లో కాటా దగ్గర కూర్చునే పని చేసేవాడు. అంతకుముందు పంతొమ్మిదేళ్లు మదనపల్లె నుంచి పుంగనూరు మీదుగా కుప్పానికి ప్రైవేటు బస్సు తోలినాడు. 1996లో ఒక వానరోజు, పలమనేరు దాటినాక అడవిలో ఒక మలుపు దగ్గర, బస్సు వెనకభాగం పక్కకు కొట్టుకుపోయి కల్వర్టు గోడకు తగిలింది. ఫుట్‌బోర్డు మీద నిలబడి ఉన్న కండక్టరు చిన్నస్వామి అక్కడికక్కడే పోయినాడు. వెంకటమునికి పక్కటెముకలు విరిగినాయి. ఆస్పత్రిలో కళ్లు తెరిచి అతను అన్న మొదటి మాట, "బ్రేకు పట్టలేదు" అని.

ముందురోజే ఆ బస్సుకు బ్రేకులు బాగుచేసింది కుప్పం షెడ్డులో మెకానిక్ గోవిందస్వామి. ఇంకెవరూ ఇంకేమీ అడగలేదు. ఓనరు గోవిందస్వామిని షెడ్డులోంచి పంపించేసినాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎవరూ అతని చేతికి బండి ఇవ్వలేదు.

"డ్రైవరువి కదన్నా, రా, ఒక రౌండు తిప్పు" అని ఒకరోజు రేష్మ నవ్వుతూ పిలిచింది.

వెంకటముని కూర్చున్నాడు. మూడో మలుపులో బండి గిర్రున తిరిగి మట్టిలో పడింది. మళ్లీ తోలినాడు. మళ్లీ అక్కడే పడింది. ఏడుసార్లు పడినాక అతని చెవులు ఎర్రబడినాయి.

"ఇదేం బండమ్మా, మాట ఇనేదే లేదు!"

"అందరూ సేసే తప్పే నువ్వూ సేస్తాండావన్నా. పెద్ద బండి ఎత్తుకోవద్దు. అన్నిటికన్నా నిదానం బండి తీసుకో. వారందాకా ఈ ఒక్క రోడ్డే తోలు. టైము సూడొద్దు. రోడ్డు దిగకుండా ఒక రౌండు ముగించు, అది సాలు."

ఆమె చెప్పినట్టే చేసినాడు. రోజూ మార్కెట్ నుంచి రాగానే వచ్చి కూర్చునేవాడు. బండి ముక్కు చూడొద్దని, మలుపు ముగిసే చోటు చూడమని చెప్పింది. అదీ నేర్చుకున్నాడు. అయినా ఆ మూడో మలుపు మాత్రం లొంగలేదు. అప్పుడు రేష్మ అతను తోలిందే మళ్లీ తెరమీద నిదానంగా నడిపించింది. కింద పెడళ్లు ఎప్పుడు తొక్కిందీ గీతలుగా కనిపిస్తాయి.

"ఇదో, సూడు. బండి మలుపులోకి పోయినాక బ్రేకు తొక్కుతాండావు. అప్పుడు బరువంతా ముందుకు పడతాది, ఎనకచక్రాలకు పట్టు పోతాది. బ్రేకంతా రోడ్డు తిన్నగా ఉండేటప్పుడే అయిపోవాల. తిప్పే ముందు కాలు తీసేయాల."

తెరమీద బండి వెనకభాగం పక్కకు పోతూ ఉంది. ఆ పోకడ వెంకటమునికి తెలుసు. ఆరోజు వెనక ఇంకో బస్సు తరుముతూ వస్తాండింది. ముందు స్టాపులో జనాన్ని వాళ్లు ఎక్కించుకుంటారని వానలోనే వేగం పెంచినాడు. మలుపులోకి దిగినాక భయమేసి బ్రేకు తొక్కినాడు. బ్రేకు పట్టింది. గట్టిగా పట్టింది. పట్టినందుకే వెనకభాగం కొట్టుకుపోయింది.

"ఏమన్నా, ఒళ్లు బాగలేదా?" అని అడిగింది రేష్మ. అతను లేచి వెళ్లిపోయినాడు.

రెండురోజులు అన్నం సయించలేదు. మూడోరోజు కుప్పం బస్సెక్కినాడు. ఆ మలుపు వచ్చినప్పుడు కళ్లు మూసుకున్నాడు.

గోవిందస్వామి గ్రానైటు క్వారీలో రాళ్ల పనికి పోతూ ఉన్నాడు. మనిషి సగమైనాడు, మాటకొక దగ్గు. అతని ఇంటి గుమ్మంలో నిలబడే వెంకటముని అంతా చెప్పినాడు.

"ఎనిమిదేండ్లప్పా" అన్నాడు గోవిందస్వామి. "నిన్ను తిట్టుకోలేదు నేను. ఆ పొద్దు బ్రేకు నట్టు బిగించినానా లేదా అనే ఆలోచన. ఒకసారి బిగించినట్లు గుర్తొస్తాది, ఒకసారి రాదు. సిన్నస్వామిని నేనే సంపినానని నా పెండ్లాంతో కూడా సెప్పుకున్నాను."

లోపలినుంచి అతని భార్య పూలమ్మ వచ్చింది.

"ఈ మాట ఆ పొద్దే సెప్పింటే ఏం పోయేది నీకు?"

"నాకే తెలీదమ్మా. నిజంగా పట్టలేదనే అనుకున్నా."

"అనుకునేది సులభం" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

గోవిందస్వామి చొక్కా వేసుకుని వెంకటమునిని చిన్నస్వామి ఇంటికి తీసుకుపోయినాడు. చిన్నస్వామి భార్య వసంతమ్మ ముందర మళ్లీ అంతా చెప్పించినాడు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. విన్నంతసేపు గోవిందస్వామి ముఖం చూసి, అతనికి చేతులు జోడించి, తలుపు వేసుకునింది. ఆ వీధిలో ఎనిమిదేళ్లుగా గోవిందస్వామి ఎదురైతే ఆమె పక్కకు తిరిగి పోయేదంట.

వెంకటముని మదనపల్లెలో పాత ఓనరుకూ చెప్పినాడు. ఆయన బస్సులు ఎప్పుడో అమ్మేసి ఉన్నాడు. "ఇప్పుడు యాల తవ్వుతావు?" అని పంపించేసినాడు. షెడ్డులో మళ్లీ పని అడుగుదామంటే గోవిందస్వామే ఒప్పుకోలేదు. స్పానరు పట్టుకుంటే బిగించిన నట్టునే మళ్లీ మళ్లీ బిగిస్తానన్నాడు.

2007లో క్వారీ దుమ్ము గోవిందస్వామి ఊపిరితిత్తులను తినేసి ప్రాణం తీసింది. కబురు తెలిసి వెంకటముని పోయినాడు. పాడెకు భుజం పట్టబోతే పూలమ్మ వద్దనింది. అతను జనం వెనకాల, చెప్పులు చేతపట్టుకుని, శ్మశానందాకా నడిచినాడు.