మేనత్త ఒక్కతే వేసిన ఓటు

నిన్న మా అపార్టుమెంటు లిఫ్టులో లైటు పోయింది. బటన్ కోసం తడుముతుంటే అంకె పక్కన చిన్న చిన్న చుక్కలు వేలికి తగిలాయి. నాలుగేళ్లుగా రోజూ నొక్కుతున్న బటనే, చుక్కలున్నాయని నిన్నే తెలిసింది. వెంటనే మా మేనత్త గుర్తొచ్చింది.

అత్తకు నడివయసులో నీటికాసుల జబ్బుతో చూపు పోయింది. మావయ్యకు స్టీలు ప్లాంటులో ఉద్యోగం, కూర్మన్నపాలెంలో కాపురం. ఆయన మంచివాడే, కాకపోతే అన్నీ తనకే తెలుసు. చూపులేనివాళ్లు తోడు తెచ్చుకుని ఓటు వేయించుకోవచ్చన్న నియమం ఆయనకు మహా నచ్చింది. అత్త చెప్పిన గుర్తే నొక్కుతాననీ, ఎవరికీ చెప్పననీ కాగితం మీద సంతకం పెట్టేవాడు. బయటికొచ్చి టీకొట్టు దగ్గర "మావోడికి రెండోట్లు ఏసీసినాను" అని చాటేవాడు. ఆ మాట తిరిగి తిరిగి అత్త చెవిన పడింది. ఆమె చెప్పింది వేరే గుర్తు. అత్త గొడవపడలేదు. వారానికి మూడు రోజులు బస్సెక్కి టౌనుకెళ్లి బ్రెయిలీ నేర్చుకుంది. పెనం దగ్గర కాలి కాలి మొద్దుబారిన వేళ్లకు ఆ చుక్కలు అంత తేలిగ్గా లొంగలేదు. ఒకటికీ రెండుకీ తేడా తెలియడానికే నెల పట్టిందని తనే నవ్వుతూ చెప్పేది. కళ్లుండీ నాకంత ఓపిక లేదు.

తర్వాతి ఎన్నికలకు ముగ్గురం ఒకే ఆటోలో బూత్‌కి వెళ్లాం. మావయ్య అలవాటుగా సంతకానికి చెయ్యి చాపాడు.

"నీ ఏలు నీ కాడే ఉంచుకో బావా. నా ఓటు నాను ఏసుకుంతాను," అంది అత్త. ఆయన ఆమెకు స్వయానా మేనబావ లెండి.

"నీకెందుకే ఆ యాతన? నానున్నాను కదా!"

ఆఫీసరు బ్రెయిలీ అచ్చు ఉన్న అభ్యర్థుల జాబితా వెతికి ఇచ్చాడు. అత్త ఒక్కో పేరూ వేలితో చదివి, నంబరు మనసులో పెట్టుకుని, అట్ట చాటుకు వెళ్లింది. మెషిన్ మీద బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలుంటాయి. ఎంతకీ చప్పుడు లేదు. క్యూలో సణుగుడు మొదలైంది.

"ఏటే, దొరకలేదేటి? రమ్మంతావా?" గుమ్మం దగ్గర మావయ్యకు చెమటలు పడుతున్నాయి. అప్పుడు పొడుగ్గా బీప్ మోగింది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా మావయ్య "ఎవుడికేసినావే?" అని ఒకటే గొడవ. బతిమాలాడు, అలిగాడు.

"సెప్పను," అంది అత్త. ఆ ముఖం చూస్తే నాకెంత గర్వమేసిందో!

ఇద్దరికీ ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు. మొగుడికి చెప్పనక్కర్లేని మాట ఒకటి తనకంటూ ఉండడానికి ఆమెకు ముప్పై ఏళ్ల కాపురం పట్టింది.