గొలుసులో ఆరో పూస

పదకొండో తరగతి జీవశాస్త్రంలో పిల్లలు బాగా విసుక్కునే పాఠం ప్రోటీన్లది. గుజరాత్‌లోని ఉధ్నాలో రైలు పట్టాలకు ఇవతల ఉన్న మా హిందీ మీడియం బడిలో నేను ఆ పాఠం మొదలుపెట్టగానే వెనక బెంచీల వాళ్లు కిటికీలోంచి బయటికి చూసేవారు. వాళ్లననడానికేముంది? అమైనో ఆమ్లాలు ఇరవై రకాలు. అవి వరసగా అతుక్కుని గొలుసు కడతాయి, ఆ వరసే ప్రాథమిక నిర్మాణం. గొలుసు మెలి తిరిగితే ద్వితీయం, మెలికలన్నీ ముడుచుకుని ముద్దయితే తృతీయం, అలాంటి ముద్దలు రెండో నాలుగో జతపడితే చతుర్థం. పరీక్షలో రాయడానికి నాలుగు వాక్యాలు, పక్కన ఒక బొమ్మ. చాలా ఏళ్లు నేనూ అంతకు మించి చెప్పలేదు.

మా ఆయనది రైల్వే ఉద్యోగం. పెళ్లయిన కొత్తలో ఈ ఊరొచ్చి ఇక్కడే ఉండిపోయాం. బడిలో నాకు తెలుగు వచ్చని పిల్లల్లో చాలామందికి తెలియదు. తెలిసిన కొద్దిమందిలో ఒకమ్మాయి రెండో బెంచీలో గోడ పక్కన కూర్చునేది. సన్నగా, వయసుకి చిన్నదిగా కనిపించేది. వాళ్ల నాన్న ఉత్తర తెలంగాణ పల్లె నుంచి వచ్చి ఇక్కడి సాంచెల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, పని చేస్తాడు. వాళ్లమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు పూసలు, రాళ్లు కుడుతుంది. అమ్మాయి క్లాసులో నాతో హిందీలో మాట్లాడేది. వరండాలో ఎవరూ లేకపోతే మాత్రం గొంతు తగ్గించి, "మేడం, మీరేం కూర వండిండ్రు ఇయ్యాల?" అని అడిగేది.

తరచూ బడి మానేసేది. చలికాలంలో మరీను. కళ్లు పచ్చగా ఉండేవి. అడిగితే, "కాళ్లు గుంజుతయి మేడం, రక్తం తక్కువట," అనేది. ఎప్పటినుంచో ఇనుము టానిక్ తాగుతోంది. చేతికి రెండు తాయెత్తులుండేవి.

ఒక జనవరి పొద్దున చతుర్థ నిర్మాణానికి ఉదాహరణగా బోర్డు మీద హిమోగ్లోబిన్ బొమ్మ గీస్తున్నాను. రెండు ఆల్ఫా గొలుసులు, రెండు బీటా గొలుసులు, నాలుగూ ఒకదాన్నొకటి ఆనుకుని కూర్చున్నట్టు. వెనక నుంచి ఏదో మూలుగు వినిపించి తిరిగి చూశాను. ఆ అమ్మాయి బెంచీ మీద తల ఆనించి రెండు చేతుల్తో తొడలు పట్టుకుని ఉంది. ముఖమంతా చెమట. దగ్గరికి వెళ్తే నా చీర కుచ్చెళ్లు పట్టుకుంది. అంతమంది ముందు తెలుగులోనే, "మేడం, ఎముకలు పలుగుతున్నయి, నన్నిడిశిపోకుండ్రి," అంది.

ఆటోలో వాళ్లింటికి వెళ్లి తల్లిని ఎక్కించుకుని ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్లాను. నొప్పికి మందిచ్చి, సెలైను పెట్టి, రక్తం తీసుకున్నారు. ఆ డాక్టరు చిన్న వయసువాడు. దక్షిణ గుజరాత్ అడవి ఊళ్ల నుంచి వచ్చేవాళ్లలో ఇలాంటివి చాలా చూశాడట. వేళ్లు నొక్కి, కళ్లు చూసి, తల్లిని చిన్నప్పటి సంగతులడిగాడు. మర్నాడు పరీక్ష ఫలితం వచ్చాక చెప్పాడు, సికిల్ సెల్ అని. ఎర్రకణాలు గుండ్రంగా ఉండాల్సినవి కొడవలిలా వంగిపోతాయి, సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటాయి, ఆ నొప్పే ఇది. పుట్టినప్పటినుంచీ ఉన్నది, ఎవరూ ఆ పరీక్ష చేయించలేదంతే.

తల్లి అన్నిటికీ తల ఊపింది. డాక్టరు వెళ్లగానే నా వైపు తిరిగి, "ఏమన్నడు అక్కా?" అంది.

నేను నోరు తెరిచేలోపే మంచం మీంచి అమ్మాయి అడిగింది. "మేడం, మీరు బోర్డు మీద గీసిండ్రు సూడుండ్రి, నాలుగు ముద్దలు. గదేనా నాది ఖరాబైంది?"

"అదే."

"నాలుగు ముద్దలూనా?"

"రెండు. ఆ రెండింట్లోనూ ఒక్కొక్క అమైనో ఆమ్లం మారింది."

"ఒక్కదానికే గింత నొప్పా?" అంది. ఏడుస్తుందేమో అనుకున్నాను, ఏడవలేదు. కొంచెం ఆగి, "ఆదివారం ఇంటికి రాండ్రి మేడం. మమ్మీకి, పప్పాకి మీరే చెప్పాలె. నేన్ చెప్తే ఇనరు," అంది.

ఆదివారం మధ్యాహ్నం వెళ్లాను. ఒకటే గది. సందు అవతలి కార్ఖానాలో సెలవు రోజు కూడా సగం సాంచెలు నడుస్తున్నాయి, ఆ చప్పుడుకి మాట కొంచెం పెంచి మాట్లాడాలి. తండ్రి రాత్రి పాళీ చేసి వచ్చి పడుకున్నవాడు లేచి గోడకానుకుని కూర్చున్నాడు. తమ్ముడు బయట ఆడుకుంటున్నాడు. తల్లి ఒళ్లో సగం కుట్టిన చీర, పక్కన గిన్నెల్లో రంగురంగుల పూసలు.

ఏం చెప్పాలో దారంతా ఆలోచించుకుంటూ వచ్చాను గాని, ఆ గిన్నెలు చూశాక ఒక దారం అడిగాను. అమ్మాయి తెల్లపూసలు ఒక్కొక్కటే నాకందించింది, నేను గుచ్చుతూ పోయాను.

"మన ఒంట్లో పనిచేసేవన్నీ ఇలాంటి గొలుసులే. ఏ పూస తర్వాత ఏ పూస రావాలన్నది తల్లీ తండ్రీ ఇచ్చిన రాతలో ఉంటుంది," అన్నాను. దారాన్ని రెండు చివర్లా పట్టుకుని మెలిపెడితే స్ప్రింగులా చుట్టుకుంది. ఆ చుట్టల్ని అరచేతిలో దగ్గరికి నొక్కి చూపించాను. "కొన్ని పూసలకి నీళ్లంటే ఇష్టం, కొన్నిటికి పడదు. పడనివి లోపలికి దాక్కుంటాయి, ఇష్టమున్నవి బయటికొస్తాయి. అందుకే గొలుసు తనంతట తానే ఇలా ముద్దగా ముడుచుకుంటుంది. ఇలాంటివి నాలుగు కలిస్తే ఊపిరిలోని గాలిని మోసుకెళ్లే ముద్ద తయారవుతుంది."

"బడిల జెప్పేది గిదేనా?" తండ్రి కూతుర్ని అడిగాడు. ఆమె అవునంది.

దారం విప్పి, మొదటి నుంచి లెక్కపెట్టి, ఆరో తెల్లపూస తీసేసి అక్కడ నల్లపూస గుచ్చాను. "మీ పాపకి ఇక్కడ మారింది. నీళ్లంటే ఇష్టమున్నది ఉండాల్సిన చోట పడనిది వచ్చింది. అది ముద్ద పైభాగంలో ఉంది, దాక్కోడానికి చోటు లేదు. మోసుకొచ్చిన గాలి ఒంటికి ఇచ్చేశాక పక్క ముద్దలో సందు వెతుక్కుని దాన్ని అంటుకుంటుంది. అది ఇంకోదాన్ని. అలా బారులు కట్టి కడ్డీలైపోతాయి. లోపల కడ్డీలుంటే కణం వంగిపోతుంది."

తల్లి ఆ దారాన్ని నా చేతిలోంచి తీసుకుంది. నల్లపూసను గోటితో ఇటూ అటూ జరిపింది. చివరికి తలెత్తకుండానే అడిగింది.

"అక్కా, కడుపుల ఉన్నప్పుడు నేన్ సరిగ తినకుంటే గిట్లైతదా?"

అప్పుడు బయటపడింది. పెళ్లయి ఈ ఊరొచ్చేసరికి ఇక్కడి తిండి ఆమెకు సయించలేదట. మొదటి కాన్పప్పుడు నెలల తరబడి వాంతులు. చాయ్‌లో ఖారీ బిస్కెట్ ముంచుకుని తిని బతికింది. పిల్ల నలతగా పుట్టినప్పటినుంచీ అత్త అంటున్న మాట ఒకటే: నువ్వు తినక నా మనవరాలి నెత్తురు పలచబడ్డది. పదహారేళ్లుగా ఆ మాట నిజమేనని ఆమె నమ్ముతోంది. తన ముద్ద తగ్గించుకుని గుడ్డు, కాలేయం, పాలు కూతురికి పెడుతోంది.

"కాదమ్మా," అన్నాను. "నువ్వు విందుభోజనాలు చేసినా ఇదే వరస వచ్చేది. ఈ రాత తిండితో మారదు. నీ నుంచి ఒకటి, మీ ఆయన నుంచి ఒకటి, రెండూ ఇలాంటివే కలిశాయి. మీ ఇద్దరి ఒంట్లో మంచిది ఇంకోటి ఉంది కాబట్టి మీకు నొప్పి తెలియలేదు."

గోడ దగ్గర్నుంచి తండ్రి గొంతు వినిపించింది. "అంటే సగం నాదేనా?"

"సగం మీది."

ఆయన రెండు అరచేతులూ మొహాన పెట్టుకుని రుద్దుకున్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. "నాకొక తమ్ముడుండె మేడం. నడక నేర్వకముందుకెల్లే చేతులు, కాళ్లు ఉబ్బుతుండె. ముట్టుకుంటె ఏడుస్తుండె. దిష్టి అన్నరు, గాలి సోకిందన్నరు. ఒకనాడు జ్వరమొచ్చి రెండు దినాల్ల పోయిండు. నేన్ మర్శేపోయిన. గిప్పుడు మీరు చెప్తుంటె వాని చేతులే కండ్ల ముంగట కనవడ్డయి."

భార్య అతని వైపు చూసింది. ఆమెకు ఆ తమ్ముడి సంగతే తెలియదు.

ఆయన ఫోన్ తీసి అక్కడే తల్లికి చేశాడు. సాంచెల చప్పుడుకి వినపడదని స్పీకరు పెట్టాడు.

"ఏందిరా, గీ యాళ చేసినవ్? బిడ్డ మంచిగున్నదా?"

"మంచిగున్నది. అమ్మా, తమ్మునికి చేతులు ఉబ్బుతుండె సూడు, యాదికున్నదా?"

"గిప్పుడెందుకురా వాని ముచ్చట?"

"వానికున్న రోగమే నా బిడ్డకున్నది. నెత్తుర్ల పుట్టుకతోనే వస్తదట. తినక వచ్చింది గాదు. నాకెల్లి సగం, దీనికెల్లి సగం. మీకెల్లి నాకొచ్చింది. ఇగ కోడల్ని ఏమనకు."

ముసలావిడ కోప్పడుతుందేమో, కొడుకుని తిడుతుందేమో అనుకుని మేమందరం ఫోన్ వైపే చూస్తున్నాం. వచ్చిన గొంతు వేరేగా ఉంది.

"అంటే... వాడు నేన్ సూడక పోలేదారా?"

కొడుక్కి అర్థం కాలేదు. "ఏందే?"

"బీడీలు చేసుకుంట కూసున్న. కట్టలు ఒప్పజెప్పాలె గద అని వాన్ని ఎత్తుకోకపోతి. పాలు సరిగ ఇయ్యకపోతి. నా పాణం తీస్కోక వాని పాణం తీస్కున్నడు దేవుడని గిన్నేండ్లు... నేన్ సంపుకున్ననే అనుకున్న బిడ్డా."

ఆ తర్వాత ఏడుపు తప్ప మాట లేదు. భార్య ఒళ్లో చీర పక్కన పెట్టి, లేచి వెళ్లి అతని చేతిలోంచి ఫోన్ తీసుకుంది.

"అత్తమ్మా, ఏడ్వకు. నీ తప్పు గాదు. ఇగో, బడి మేడమే చెప్పింది. ఎవ్వల తప్పు గాదు. జర నీళ్లు తాగు పో."

ఆ మాట ఆమె మూడు నాలుగు సార్లు అంది. చివరిసార్లు అత్తకే చెబుతోందో తనకే చెప్పుకుంటోందో నాకు తెలియలేదు. అమ్మాయి వచ్చి తల్లి భుజం మీద గడ్డం ఆనించి నిలబడింది. నేను బయల్దేరుతుంటే చాయ్ పెడతానని తల్లి పట్టుబట్టింది. తను కూడా ఒక గ్లాసు పోసుకుని, నా ఎదురుగా కూర్చుని నిదానంగా తాగింది.

డాక్టరు రోజూ వేసుకోమని ఒక మాత్ర రాశాడు, నీళ్లు బాగా తాగమన్నాడు. ఒంట్లో నీరు తగ్గితే ఆ ముద్దలు తొందరగా అంటుకుంటాయి. చిక్కు అక్కడొచ్చింది. బడిలో ఆ పిల్ల పొద్దున్నుంచి సాయంత్రం దాకా గుక్క నీళ్లు తాగేది కాదని అప్పుడు తెలిసింది. ఆమే కాదు, ఆడపిల్లలెవరూ తాగరు. వాళ్ల బాత్రూముకి గడియ లేదు, లోపల నీళ్లుండవు. నేను రోజూ దాని ముందు నుంచే నడిచేదాన్ని. మా ప్రిన్సిపల్ గుజరాతీ ఆవిడ, దేనికైనా ముందు వద్దనే మనిషి. సంగతంతా విన్నాక టీచర్ల బాత్రూము తాళంచెవి నా ముందు పెట్టి, "పాణీ తో పీవుజ్ పడే నే," అంది. నీళ్లయితే తాగాల్సిందే కదా అని. ఆ ఎండాకాలం సెలవుల్లో ఆడపిల్లల బాత్రూముకి గడియ, కుళాయి రెండూ వచ్చాయి.

అమ్మాయికి నొప్పులు తగ్గాయి గాని పోలేదు. పన్నెండో తరగతి పరీక్షల మధ్యలో జ్వరం తగిలి మళ్లీ ఆసుపత్రి పాలైంది, ఫిజిక్స్ పేపరు పోయింది. సప్లిమెంటరీ రాసి పాసైంది. మార్కులు చెప్పుకునేంత రాలేదు. ఇప్పుడు ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు రెండో ఏడు చదువుతోంది. తమ్ముడికి రక్తపరీక్ష చేయిస్తే, తల్లిదండ్రుల్లాగే ఒకటి మంచిది, ఒకటి మారినది ఉందని తేలింది. పెళ్లినాటికి గుర్తు పెట్టుకోవాలి, అంతే. నాయనమ్మ దసరా తర్వాత వచ్చి రెండు నెలలుంది. కోడలు పూసలు కుడుతుంటే పక్కన కూర్చుని సూదిలో దారం ఎక్కించి ఇచ్చేదట.

నేనా పాఠం ఇప్పుడు వెనక నుంచి మొదలుపెడుతున్నాను. ముందు ఒక అమ్మాయికి కాళ్లెందుకు నొప్పి పుట్టాయో చెప్తాను, పేరు చెప్పను. అక్కడి నుంచి వంగిన కణం, కడ్డీలు, నాలుగు ముద్దలు, మడత, మెలిక, చివరికి గొలుసు. ఆరో స్థానం దగ్గరికి వచ్చేసరికి వెనక బెంచీల వాళ్లు కూడా బోర్డు వైపే చూస్తుంటారు. ఎవరో ఒకరు, "ఉస్‌కో బదల్ నహీఁ సక్తే, మేడమ్?" అని అడుగుతారు. మార్చే వైద్యం వస్తోంది, ఇంకా అందరికీ అందలేదు అని చెప్తాను.

మొన్న శీతాకాలంలో ఒకరోజు కూరగాయలకని వెళ్తుంటే కార్ఖానా బయట చాయ్ బండి దగ్గర ఆ తండ్రి కనిపించాడు. పక్కన వాళ్ల ఊరి వైపు మనిషే ఇంకొకతను, భుజం మీద నిద్రపోతున్న చంటిపాప. ఈయన ఆ పాప వేళ్లను మెత్తగా పట్టుకుని చూపిస్తూ ఏదో చెబుతున్నాడు. నన్ను చూసి పిలిచాడు.

"మేడం, వీని బిడ్డకు చేతులు ఉబ్బుతున్నయట. వీడు తాయెత్తు కట్టిస్త అంటున్నడు. తాయెత్తు తర్వాత కడ్దువు గని, ముందు పరీక్ష చేపియ్యి అంటున్న. రేపు నా డ్యూటీ ఇడిశి నేనే తోల్కపోత."

చంటిపాప తండ్రి నా వైపు అనుమానంగా చూశాడు. "నిజమేనా మేడం? పరీక్షకు మస్తు నెత్తురు తీస్తరా?"

"నాలుగు చుక్కలు," అన్నాను.

అతను పాపను ఈ భుజం మీంచి ఆ భుజం మీదికి మార్చుకున్నాడు. "ఎన్ని గంటలకు పోవాలె?" అని ఆయన్ని అడిగాడు.