కిరసనాయిలు వాసన

మా అత్తగారు పోయారు. తరచూ ముసురు పట్టే ఈ పరాయిదేశపు ఊరు బాతెల్‌లో మా ఇంట్లోనే, పొద్దున పూజయ్యాక టీ తాగి, కప్పు సింకులో పెట్టి, సోఫాలో కూర్చుని అలాగే ఒరిగిపోయారు. ఫోన్ చేసినవాళ్ళంతా "అదృష్టవంతురాలమ్మా, ఎవరిచేతా చేయించుకోలేదు" అన్నారు. అవునన్నాను. ఆవిడ మంచితనం గురించి రాద్దామనే కూర్చున్నాను గానీ, వెళ్తూ వెళ్తూ ఆవిడ నాకొక సందేహం అంటగట్టి వెళ్ళారు. మీతో చెప్పుకుంటే తేలుతుందేమోనని రాస్తున్నాను.

ఆవిడది గుంటూరు పక్క. మిరపకాయ విషయంలో ఎవరి మాటా వినే రకం కాదు. ఏటా సెప్టెంబరులో మేం కొండల మధ్య కనుమ దాటి యాకిమా లోయకు వెళ్ళేవాళ్ళం. మా వైపు ముసురు పట్టి ఉన్నా, కొండలు దాటగానే ఎండ, దుమ్ము, ఎండుగడ్డి దిబ్బలు. పండుమిరపకాయలు మనమే కోసుకునే తోటలు అక్కడున్నాయి. కొరివికారం పచ్చడికని సంచులకొద్దీ కోసేవాళ్ళం. ఆవిడ ఒకటి కొరికి, "రంగుంది గానీ రోషం లేదమ్మా" అని ఏటా అదే తీర్పు చెప్పేవారు. అయినా సంచి నిండేదాకా కదిలేవారు కాదు.

ఆ పక్కనే ఒక ద్రాక్షతోట, అందులో వాళ్ళ వైన్ రుచి చూపించే చిన్న గది. మొదటిసారి బాత్రూమ్ కోసమని ఇద్దరం అటు వెళ్ళాం. మా ఆయన, పిల్లలు మిరపచేలోనే ఉన్నారు. నేను అప్పుడప్పుడూ ఒక గ్లాసు తాగుతాను. ఆ సంగతి అత్తగారికి తెలుసు, తెలియనట్టు ఉండేవారు. కౌంటర్ దగ్గర నెరిసిన జుట్టావిడ రీస్లింగ్ అనే పాత తెల్ల వైన్ రెండు గ్లాసుల్లో పోసింది. ఒకటే చాలు అనబోయేలోపల అత్తగారు రెండోది ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఏందమ్మాయ్ ఇది, కిరసనాయిలు వాసనొస్తంది?"

నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ అంతటితో ఆగితేగా! కౌంటరావిడ వైపు తిరిగి "కిరోసిన్!" అన్నారు గట్టిగా. ఆమె మొహం వెలిగిపోయింది. "యెస్! పెట్రోల్!" అంది. కారులో పోసేదాన్ని గ్యాస్ అనే దేశంలో, వైన్ దగ్గర మాత్రం పెట్రోల్ అంటారు. ఇక్కడి ఎండకు కాగిన ద్రాక్షకు, సీసాలో కొన్నేళ్ళు నిలవున్నాక ఆ వాసన పడుతుందట. రాత్రి చలికి పులుపు నిలబడుతుందట. పైన నిమ్మతొక్క వాసన, అడుగున ఇది. అదంతా మంచి లక్షణమేనని అత్తగారికి తెలుగులో చెప్పాను.

"కిరసనాయిలు కొట్టిందని మెచ్చుకునేవాళ్ళని ఇక్కడే చూశా" అన్నారు. మళ్ళీ వాసన చూసి, "మా కాపరం మొదలైంది కిరసనాయిలు స్టవ్వు మీదే. ఉన్నది ఒక్క గది. కాఫీక్కూడా ఇదే వాసన. మీ మామయ్య ఏమీ అనకుండా తాగేవాళ్ళు పాపం" అన్నారు. గ్లాసు పట్టుకుని వరండాలోకి వెళ్ళి, మాకు వీపు పెట్టి, కొండలకేసి తిరిగి నిలబడ్డారు. లోపలికొచ్చేసరికి గ్లాసు ఖాళీ.

వరండా అంచున, సరిగ్గా ఆవిడ నిలబడ్డచోట, ఒక పెద్ద పూలకుండీ ఉంది. నా సందేహమల్లా అదే.

ఆ తర్వాత ఏటా అదే తంతు. మిరపకాయలు, వరండా, ఖాళీ గ్లాసు. తాగారా, కుండీలో పారబోశారా? మొహంలో ఏమైనా తెలుస్తుందా అంటే, మిరపకాయ కొరికి కళ్ళు ముందే ఎర్రగా ఉండేవి. ఒకసారి "ఎలా ఉందత్తయ్యా?" అన్నాను. "చల్లగా ఉందమ్మా" అన్నారు. చేత్తో పట్టుకున్నా చల్లగానే ఉంటుంది కదా! శనివారం ఉల్లిపాయ ముట్టని మనిషిని అంతకంటే ఏమడగను?

పెద్దకర్మ దగ్గరపడ్డాక మా ఆయన అడిగారు. "క్యాటరింగ్‌కి ఆర్డర్ ఇవ్వాలి. విస్తట్లో పెట్టడానికి అమ్మకి ఏమేం ఇష్టమో చెప్పు." గారెలు, పులిహోర, కొరివికారం అన్నాను. వైన్ అనాలా వద్దా అని అక్కడ ఆగిపోయాను.

మామయ్యగారి కర్మకు గుంటూరులో విస్తరి పక్కన సిగరెట్టు వెలిగించి పెట్టారు. పెట్టింది అత్తగారే. ఎవరో గొణిగితే, "ఇప్పుడు పెట్టాల్సింది ఇష్టమైంది, మంచిది కాదు. మంచిదేదో ఉన్నప్పుడే పెట్టాల్సింది" అన్నారు. ఆ మాట నా చెవిలోనే ఉంది. కానీ ఇష్టమేనా? ఆవిడ తాగి ఉంటే, నేను పెట్టకపోతే ఆ ఒక్కటీ లేకుండా వెళ్ళిపోతారు. పారబోసి ఉంటే, పూజ చేయనిదే పచ్చిమంచినీళ్ళు ముట్టని మనిషి విస్తట్లో మందు పెట్టిన కోడల్నవుతాను. ఇన్నేళ్ళు ఒకే వంటింట్లో తిరిగాం, ఇంత చిన్న సంగతి తెలియదే అని ఏడుపొచ్చింది.

పోయిన సెప్టెంబరులో కొన్న రీస్లింగ్ సీసా గరాజ్‌లో ఉంది. ఆ రోజు పెరట్లో విస్తరి వేసి అన్నీ వడ్డించాక, చివర్న ఒక స్టీలు గ్లాసులో అది కూడా పోసి పెట్టాను. మా ఆయన తీసి వాసన చూశారు.

"ఇదేంటి, కిరోసిన్ వాసనొస్తోంది?"

"మీ అమ్మ కూడా అదే అన్నారు."

"అమ్మ తాగేదా?"

"నిజంగా తెలియదు."

ఆయన మళ్ళీ వాసన చూశారు. కళ్ళు తుడుచుకున్నారు. "మా పాత ఇంట్లో ఇదే వాసన" అని, గ్లాసు తనే విస్తరి పక్కన పెట్టారు.

ఆచారం ప్రకారం అటు తిరిగి నిలబడ్డాం. బాతెల్‌లో కాకులకు కొదవా! ఒకటి అరిచింది, తర్వాత చాలా వచ్చాయి. చప్పుడు సద్దుమణిగాక తిరిగి చూశాం. గారెలు లేవు. గ్లాసు పక్కకు ఒరిగి ఉంది, ఖాళీ. దగ్గరికెళ్ళి వంగి, కింద గడ్డి తడిమి చూశాను. తడిగానే ఉంది. బాతెల్‌లో గడ్డి ఎప్పుడు పొడిగా ఉంది గనక!